ఆర్‌వీ ట్రిప్పా? ముందు బండి పొడుగు, తర్వాతే క్యాంప్‌గ్రౌండ్

అందరికీ నమస్కారం అండి. అమెరికాలో ఆర్‌వీ, అంటే పడక, వంటిల్లు, టాయిలెట్ లోపలే ఉండే బండి, తీసుకుని గ్రాండ్ కాన్యన్, జయాన్, ఎల్లోస్టోన్ లాంటి నేషనల్ పార్కులు చుట్టి రావాలనుకునేవాళ్లు నన్ను ముందుగా అడిగేది "ఏ క్యాంప్‌గ్రౌండ్ బాగుంటుంది?" అని. నేను తిరిగి అడిగేది ఒకటే: మీ బండి ఎన్ని అడుగులు?

ఎందుకంటే మాకు జరిగింది చెప్తాను. అమ్మా నాన్నా ఇండియా నుంచి వచ్చినప్పుడు 25 అడుగుల క్లాస్ సి బండి, అంటే వ్యాన్ ఛాసిస్ మీద కట్టిన ఆర్‌వీ, మాట్లాడుకుని, గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచు సౌత్ రిమ్‌లోని మేథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో నెలల ముందే సైటు, అంటే బండి నిలుపుకునే చోటు, పట్టుకున్నాం. తీరా బండి తెచ్చుకోవడానికి వెళ్తే, ఆ సైజు రిపేర్‌లో ఉంది, అదే రేటుకి 31 అడుగులది ఇస్తామన్నారు అద్దెకిచ్చేవాళ్లు. ఎగిరి గంతేశాం. సాయంత్రం ఆరింటికి మేథర్ గేటు దగ్గర ఆగాక తెలిసింది, అక్కడ 30 అడుగులు దాటిన బండిని పెట్టనివ్వరని. వెనక నుంచి అమ్మ "రాత్రికి ఎక్కడ పడుకుంటాంరా?" అంటుంటే నా దగ్గర సమాధానం లేదు. అదృష్టం కొద్దీ పక్కనే ఉన్న ట్రైలర్ విలేజ్‌లో ఎవరో క్యాన్సిల్ చేసుకున్న సైటు దొరికింది. అక్కడైతే 50 అడుగుల బండైనా పడుతుంది, కరెంటు, నీళ్లు, సీవర్ (మురుగు గొట్టం) మూడు హుకప్‌లూ, అంటే కనెక్షన్లూ, సైటులోనే ఉంటాయి.

కాబట్టి వెనక సైకిల్ స్టాండు ఉంటే దాన్ని కూడా కలిపి కొలత రాసుకోండి. ఎత్తు కూడా రాసుకోండి, జయాన్‌లో అదే ముఖ్యం. బ్రైస్ కాన్యన్ నుంచి జయాన్‌కి దగ్గర దారిలో 1930లో తెరిచిన సొరంగం ఒకటి ఉంది. 11 అడుగుల 4 అంగుళాలు దాటిన బండి అందులో మామూలుగా పోలేదు, అద్దెకి దొరికే క్లాస్ సి బళ్లు చాలావరకు 12 అడుగుల దాకా ఉంటాయి. ఆ దారి లెక్కలోంచి తీసేసి, చుట్టూ తిరిగి, జయాన్ గేటు పక్కనున్న స్ప్రింగ్‌డేల్ ఊరి వైపు నుంచి రండి. గ్లేసియర్ నేషనల్ పార్క్‌లో అయితే గోయింగ్ టు ద సన్ రోడ్డు మధ్య భాగంలోకి 21 అడుగులు దాటిన ఏ బండినీ రానివ్వరు. ఆర్‌వీని క్యాంప్‌లో వదిలేసి, చిన్న కారు అద్దెకి తీసుకోండి.

[స్క్రీన్ మీద జయాన్ మ్యాప్]

కొలత తేలాక నేను చూసేది, ఒకసారి పార్క్ చేశాక మళ్లీ బండి కదపకుండా పార్కంతా చూడగలమా లేదా అని. జయాన్‌లో వాచ్‌మన్ క్యాంప్‌గ్రౌండ్ నాకు అందుకే ఇష్టం. చెప్పులేసుకుని నడిచి వెళ్తే విజిటర్ సెంటర్ దగ్గర షటిల్ బస్సు ఎక్కేయొచ్చు, సీజన్‌లో లోపలి లోయ రోడ్డు మీదికి సొంత బళ్లని ఎలాగూ పోనివ్వరు. ట్రైలర్ విలేజ్ నుంచి కూడా ఫ్రీ షటిల్ ఉంది. ఇలాంటి చోట్ల డబ్బులు కాస్త ఎక్కువైనా పార్కు లోపలే ఉండండి.

ఎల్లోస్టోన్ లెక్క వేరు. అక్కడ షటిల్ లేదు, రోజూ పైపులూ వైర్లూ పీకి బయల్దేరాలి. మూడు హుకప్‌లూ ఉన్న క్యాంప్ పార్కు మొత్తంలో ఫిషింగ్ బ్రిడ్జ్ ఒక్కటే, అక్కడి నుంచి ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ దాదాపు 38 మైళ్లు, మధ్యలో అడవిదున్నలు రోడ్డెక్కితే ఇంక టైము మన చేతిలో ఉండదు. అందుకని నేనైతే రెండు రాత్రులు వెస్ట్ ఎల్లోస్టోన్ ఊళ్లో ప్రైవేట్ క్యాంప్‌లో, రెండు రాత్రులు ఫిషింగ్ బ్రిడ్జ్‌లో ఉంటాను. అక్కడ ఎలుగుబంట్ల వల్ల గుడ్డ గోడల బళ్లనీ, టెంట్లనీ ఒప్పుకోరు. వంట గిన్నెలు బయట టేబుల్ మీద వదిలేయకండి.

ఇక కరెంటు. అన్ని చోట్లా హుకప్ కావాలని టెన్షన్ పడి ట్రిప్పే మానుకున్నవాళ్లు నాకు తెలుసు. అవసరం లేదండి. సౌత్ రిమ్ సుమారు 7,000 అడుగుల ఎత్తులో ఉంది, బ్రైస్ 8,000. ఎండాకాలంలో కూడా రాత్రికి దుప్పటి కప్పుకోవాలి, ఏసీతో పనే లేదు. జయాన్ 4,000 అడుగులే, జులైలో 100 డిగ్రీల ఫారన్‌హీట్ దాటుతుంది, అక్కడ మాత్రం కరెంటు ఉన్న సైటే తీసుకోండి. అయితే ఇంట్లో ఎవరైనా రాత్రిపూట నిద్రలో ఊపిరి ఆగకుండా గాలి అందించే సీపాప్ మెషిన్ పెట్టుకుంటే అన్ని చోట్లా హుకప్ చూసుకోవాల్సిందే, ఎందుకంటే రాత్రిళ్లు జనరేటర్ వేయనివ్వరు.

[బోర్డులో 30 ఆంప్ ప్లగ్ క్లోజప్]

చిన్న బళ్లకి వచ్చేది ఈ 30 ఆంపుల ప్లగ్గే. ఏసీ ఒక్కటే 13 ఆంపుల దాకా లాగుతుంది, 1,800 వాట్ల ఇండక్షన్ స్టవ్ ఇంకో 15. ఆ రెండూ నడుస్తుండగా మైక్రోవేవ్ నొక్కితే ఠప్‌మని బ్రేకర్ ట్రిప్ అవుతుంది. ఇన్‌స్టంట్ పాట్ (కరెంటు కుక్కర్) 8 ఆంపులే, కాబట్టి అన్నం, పప్పు అందులో పెట్టి తాలింపు గ్యాస్ మీద వేసుకోండి.

సీవర్ గురించి సిగ్గుపడకుండా మాట్లాడుకుందాం. టాయిలెట్‌లో మనలా నీళ్లు వాడితే టాయిలెట్ మురుగు చేరే బ్లాక్ ట్యాంక్, బండి అద్దెకిచ్చేవాళ్లు చెప్పినదానికంటే త్వరగా నిండుతుంది. నలుగురుంటే మూడో రోజుకల్లా డంప్ స్టేషన్, అంటే ట్యాంకులు ఖాళీ చేసే చోటు, దారిలో ఉండేలా చూసుకోండి. ముందు బ్లాక్ ట్యాంక్ వదలండి, తర్వాత సింకు, స్నానం నీళ్లు చేరే గ్రే ట్యాంక్, అప్పుడు సబ్బునీళ్లతో గొట్టం దానంతటదే కడుక్కుపోతుంది. కంచాల్లో మిగిలిన పప్పూ నూనే ముందు టిష్యూతో తుడిచేసి కడగండి, లేకపోతే రెండో రోజుకే బండంతా కంపు.

బుకింగ్ సంగతి ఒక్కటి మిగిలింది. మేథర్, వాచ్‌మన్ రెండూ ప్రభుత్వ బుకింగ్ వెబ్‌సైటు రిక్రియేషన్ డాట్ గవ్‌లో ఆరు నెలల ముందు తెరుచుకుంటాయి, మంచి తేదీలు నిమిషాల్లో అయిపోతాయి. ట్రైలర్ విలేజ్, ఫిషింగ్ బ్రిడ్జ్ ఆ వెబ్‌సైట్లో దొరకవు, వాటిని నడిపే కంపెనీల సొంత వెబ్‌సైట్లలో చేసుకోవాలి. చాలామంది రిక్రియేషన్ డాట్ గవ్‌లోనే వెతికి, లేవనుకుని వదిలేస్తుంటారు. దొరక్కపోతే రోజూ పొద్దున ఒకసారి తెరిచి చూడండి, ట్రిప్పుకి వారం పది రోజుల ముందు కూడా క్యాన్సిలేషన్లు పడతాయి. మాకు ఆ రాత్రి దొరికిందీ అలాంటి సైటే.