కార్తె ఒకటి, వాన ఒకటి

అందరికీ నమస్కారం.

మృగశిర వచ్చేసింది. ఇంకో రెండు వారాల్లో ఆరుద్ర. ఆ కార్తె పేరు వినగానే ఇక్కడున్న పెద్దవాళ్లకు చెలకల్లో ఎర్రగా, మెత్తగా పాకే ఆరుద్ర పురుగు గుర్తొస్తుంది. పిల్లల్లో చాలామంది దాన్ని చూసి ఉండరు. అందుకే దాంతోనే మొదలుపెడతాను.

పేరుకు పురుగే గానీ, దానికి ఎనిమిది కాళ్లు. సాలీడుకూ తేలుకూ చుట్టం. ఏడాదిలో ఎక్కువ కాలం మట్టిలోనే ఉంటుంది. తొలి గట్టి వానకు నేల తడవగానే పైకొచ్చి, తిని, జతకట్టి, కొద్ది రోజుల్లో మళ్లీ లోపలికి పోతుంది. దాని పిల్లలు మిడతల్లాంటి వాటి ఒంటిని పట్టుకుని బతుకుతాయి. ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఆరుద్ర కార్తె సూర్యుణ్ని బట్టి వస్తుంది, ఏటా జూన్ 21, 22 ప్రాంతంలోనే. పురుగు మాత్రం వానను బట్టి వస్తుంది. వాన ముందే పడితే మృగశిరలోనే కనిపిస్తుంది, వెనకబడితే అదీ ఆగుతుంది.

మన చుట్టూ ఉన్న జీవుల్లో కొన్ని పగటి నిడివిని బట్టి నడుస్తాయి, కొన్ని వానను బట్టి. ఏది దేన్ని పట్టుకుని నడుస్తోందో తెలియాలంటే ఒకే చోటును ఏళ్ల తరబడి చూసి రాసిపెట్టుకోవాలి. కార్తెల సామెతలన్నీ అలా చూసి చూసి పుట్టినవే.

ఈ వానకాలం మీరు తప్పకుండా చూడాల్సింది గిజిగాడు. ఎండల్లో ఆడా మగా తేడా తెలియదు, రెండూ పిచ్చుకల్లాగే ఉంటాయి. వానలకు ముందు మగదాని నెత్తి, రొమ్ము పసుపు రంగుకు తిరుగుతాయి. గడ్డి ఎదిగాక ఆకు అంచును ముక్కుతో కొరికి, పట్టుకుని ఎగిరి, పొడవాటి పీచు చీల్చుకొస్తుంది. బావి మీదికి వంగిన తుమ్మకొమ్మకో, ఈతమట్టకో గూడు అల్లుతుంది. సగం కాగానే ఆపి, కింద వేలాడుతూ రెక్కలు కొట్టి ఆడపిట్టలను పిలుస్తుంది. ఆడపిట్ట లోపలికి వెళ్లి పరీక్షిస్తుంది. నచ్చితేనే మగది గూడు పూర్తిచేసి, కిందికి గొట్టంలాంటి దారి అల్లుతుంది. నచ్చకపోతే ఆ గూడు సగంలోనే మిగిలిపోతుంది. చెట్టుకు సగం గూళ్లు ఎన్ని, నిండు గూళ్లు ఎన్ని లెక్కపెట్టండి. పొద్దున ఒక గంట కూర్చుంటే చాలు, ఇందులో కొంతైనా మీ కళ్ల ముందే జరుగుతుంది. గూడు ఇంట్లో అలంకారానికని తెంపకండి, లోపల గుడ్లుండొచ్చు.

బతుకమ్మ నాటికి తంగేడు, గునుగు పూస్తాయి. గడ్డిమందు కొట్టిన చేలల్లో గునుగు మిగలదు. అందుకే పూలకు ఏ దిక్కుకు వెళ్లారో, ఎంత దూరం వెళ్లారో కూడా రాయండి. ఆ వివరంలో మన పొలాల చరిత్ర ఉంది.

దసరా నాడు పాలపిట్టను చూడటం మన ఆచారం. కరెంటు తీగ మీద కూర్చున్న పాలపిట్ట ఎగిరితే ఆ నీలం రెక్కలను చూడటానికి ఎంత దూరమైనా నడవొచ్చు. దాన్ని పట్టి, పంజరంలో పెట్టి డబ్బులకు చూపించడం మాత్రం నాకు భరించలేని విషయం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం కూడా. పంజరంలోని పిట్టకు ఒక్క రూపాయి ఇవ్వకండి.

చలికాలంలో కుంటల్లోకి బాపన బాతులు దిగుతాయి. హిమాలయాల ఎత్తైన సరస్సుల నుంచి, ఆ అవతలి దేశాల నుంచి వచ్చే చుట్టాలవి. అయితే కనబడిన పెద్ద పక్షినల్లా సైబీరియా పక్షి అనేయడం మనకు అలవాటైపోయింది. మన చెరువుల దగ్గర చెట్ల మీద గూళ్లు పెట్టే గూడబాతులు, అంటే పెలికాన్లు, ఈ దేశానివే. నీరు, చేపలు ఉన్నచోటికి మారుతుంటాయి, అంతే. ఇక శివరాత్రి రోజుల్లో మోదుగలు పూస్తే, మధ్య ఆసియా నుంచి వచ్చిన గులాబీ రంగు గోరింకలు తేనె కోసం వాటి మీద గుంపులుగా వాలతాయి. వేసవికి వెనక్కి వెళ్లిపోతాయి.

ఇవన్నీ రాయడానికి పది రూపాయల నోటుబుక్కు చాలు. తేదీ, కార్తె, చివరి వాన ఎప్పుడు పడింది, ఎక్కడ చూశారు, ఏం చూశారు. పేరు తెలియకపోతే రంగు, ముక్కు, నడక రాయండి. ఏమీ కనిపించని రోజు "కనిపించలేదు" అని రాయండి, అది కూడా సమాచారమే.

మొదటి గట్టి వాన పడ్డ మర్నాడు పొద్దున ఆరింటికి కుంట కట్ట దగ్గర కలుద్దాం. బైనాక్యులర్ నేను తెస్తాను. పెద్దవాళ్లు కూడా రండి, మీ చిన్నప్పుడు ఆరుద్ర పురుగులు ఏ చెలకలో ఎక్కువగా ఉండేవో పిల్లలకు చూపించాలి.