ముళ్ళ అడవిలో మూడు రోజులు: ట్రైపాడ్ బాగుంది, ఆ ఫోమే నన్ను చంపింది

హాయ్, అందరికీ నమస్తే. ముందు ఈ చెయ్యి చూడండి. ఆగండి, ఇంకొంచెం దగ్గరగా పెడతాను, ఫోకస్ పడనివ్వండి. కనబడుతున్నాయా ఈ ఎర్ర చుక్కలు? బొటనవేలి కింద మూడు, అరచేతిలో ఎనిమిది. మొత్తం పదకొండు. అన్నీ ముళ్ళు దిగిన చోట్లే. ఒట్టు, నేను ఏ కాక్టస్‌నీ ముట్టుకోలేదు. ఇదిగో, ఈ ట్రైపాడ్‌ని ముట్టుకున్నాను, అంతే.

ఈ కార్బన్ ఫైబర్ ట్రైపాడ్‌ని కంపెనీవాళ్ళు ఫ్రీగా పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు, వీడియో పెట్టేముందు మాకు చూపించండి అని కూడా అనలేదు. లోగో మీద నల్ల టేప్ నేనే అంటించాను. ఎందుకంటే నేను తిట్టబోయే తప్పు, అంటే కాళ్ళకి చుట్టి వచ్చిన మెత్తటి నల్ల స్పాంజిలాంటి ఫోమ్, ఈ రేంజ్‌లో దొరికే చాలా ట్రైపాడ్‌లలో ఉంది. ఒక్కళ్ళనే పట్టుకుని తిట్టడం న్యాయం కాదు. బరువెంత, ఎత్తెంత, ఎన్ని కిలోలు మోస్తుంది, ఇవన్నీ ఇలాంటి ట్రైపాడ్‌ల గురించి మీరు ఇప్పటికే వంద వీడియోల్లో చూసుంటారు. నేను మళ్ళీ చదివి వినిపించను.

ఏప్రిల్ చివరి వారంలో దీన్ని అమెరికాలోని అరిజోనా తీసుకెళ్ళాను. టూసాన్ ఊరి పక్కన సవారో నేషనల్ పార్క్. స్పెల్లింగ్‌లో మధ్యలో ఒక 'జి' ఉంటుంది, నోట్లో ఉండదు, సవారో అనే అనాలి. స్తంభంలా పెరిగే పెద్ద కాక్టస్ పేరది. 1933లో నేషనల్ మాన్యుమెంట్ అయింది, 1994లో నేషనల్ పార్క్ చేశారు. పార్కు రెండు ముక్కలు. ఊరికి పడమర టూసాన్ కొండల వైపు ఒకటి, తూర్పున రింకన్ కొండల వైపు ఇంకొకటి. మూడు రోజుల్లో రెండూ తిరిగాం. తోడుగా మా బావమరిది వచ్చాడు. వాడు అన్నీ ఫోన్‌తోనే తీస్తాడు. ట్రైపాడ్ మోసుకు తిరిగేవాళ్ళంటే వాడికి జాలి.

డ్రోన్ షాట్లు ఏవి అని మాత్రం అడగకండి. అక్కడ నేషనల్ పార్కుల్లో డ్రోన్ ఎగరేయకూడదు.

సరే, మంచి ముందు చెప్తాను. దీని సెంటర్ కాలమ్, అంటే కాళ్ళ మధ్యలో ఉండే నిలువు గొట్టం, ఊడి వచ్చేస్తుంది. కాళ్ళు మూడూ పూర్తిగా పరిచేస్తే కెమెరా నేలకి జానెడు ఎత్తులో కూర్చుంటుంది. హెడ్జ్‌హాగ్ కాక్టస్ అని ఒకటుంది, మోకాలి ఎత్తు కూడా ఉండదు, గుత్తులుగా పెరుగుతుంది. దానికి ముదురు గులాబీ రంగు పువ్వు, ఆ పువ్వు మధ్యలో ఆకుపచ్చగా చిన్న నక్షత్రంలాంటి కీలాగ్రం. నిలబడి తీశారనుకోండి, పువ్వు పళ్ళెంలా వస్తుంది, మొక్క ఉండదు, కొండా ఉండదు. నేల మీదకి దిగితేనే పువ్వూ, ముళ్ళూ, వెనకాల నీలంగా కొండా మూడూ ఒకే ఫ్రేములోకి వస్తాయి.

నా పాత అల్యూమినియం ట్రైపాడ్‌తో ఈ పని చేయాలంటే కాలమ్‌ని తిరగేసి బిగించి, కెమెరాని గబ్బిలంలా తలకిందులుగా వేలాడదీయాలి. స్క్రీన్ తలకిందులు, బటన్లు తలకిందులు, కాసేపటికి నా బుర్ర కూడా తలకిందులు. కొత్తదాంతో ఒకే పువ్వుకి 14 ఫ్రేములు తీశాను, ఫోకస్ ముందు రేకు నుంచి వెనక ముల్లు దాకా కొంచెం కొంచెంగా జరుపుతూ. ఇంటికొచ్చి కలిపి చూస్తే ఎక్కడా వెంట్రుకవాసి కూడా పక్కకి జరగలేదు. చూడండి, ఈ ఫొటోనే. దీని కోసమే నాకు ఈ ట్రైపాడ్ మీద ప్రేమ పుట్టింది. చెప్పాగా, పుట్టింది. తర్వాతే అసలు కథ.

"బావా, ఈ పెద్ద సవారోలకి ట్రైపాడ్ ఎందుకు, అవేమైనా కదులుతాయా?" అన్నాడు మావాడు. అవి కదలవు రా, కదిలేది నేను. ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. సవారో ఒంటి మీద పైనుంచి కిందిదాకా మడతలుంటాయి. వాన పడితే నీళ్ళు తాగి ఆ మడతలు హార్మోనియం తిత్తిలా విచ్చుకుంటాయి, ఎండాకాలం మళ్ళీ ముడుచుకుంటాయి. ఈ మడతలు ఫొటోలో కనబడాలంటే వెలుగు పక్కనుంచి పడాలి. నడినెత్తి ఎండలో తీస్తే వట్టి ఆకుపచ్చ స్తంభమే. అంటే పొద్దు పొడిచే వేళ ఒక ఇరవై నిమిషాలు, కుంకే ముందు ఇంకో ఇరవై నిమిషాలు. అప్పుడు వెలుతురు తక్కువ, షట్టర్ నెమ్మది, చేతులు వణుకుతాయి. అందుకే ఈ మోత.

పైగా వాటి ముందు నిలబడితే తొందరపడబుద్ధి కాదు. మొలిచిన మొదటి ఎనిమిదేళ్ళలో సవారో పెరిగేది ఒకటి, ఒకటిన్నర అంగుళం. మొదటి చెయ్యి, అంటే పక్క కొమ్మ, రావడానికి మామూలుగా 50 నుంచి 75 ఏళ్ళు. నాలుగు చేతులు చాపి నిలబడ్డదాన్ని చూసి నేనైతే చెప్పులు విప్పబోయాను, నేల చూసి మానుకున్నాను.

సవారో పువ్వు రాత్రి విచ్చుకుని మర్నాడు మధ్యాహ్నానికల్లా ముడుచుకుపోతుంది. రాత్రి గబ్బిలాలు వస్తాయి, పొద్దున్న గువ్వలూ తేనెటీగలూ. ఆ పువ్వులేమో కొమ్మల చివర, మన తలకి ఎంతో పైన. ఎప్పుడో గడ్డకట్టే చలికి దెబ్బతిని కిందికి వాలిపోయిన చెయ్యి ఒకటి మాకు కనబడింది, దాని చివర నా కళ్ళ ఎత్తులో రెండు తెల్ల పువ్వులు! పొద్దున్న ఆరున్నరకి అక్కడున్నాం. దారి దిగకుండా, లాంగ్ లెన్స్‌తో తీశాను. ఈ ట్రైపాడ్‌కి రబ్బరు పాదాలు తీసి ఇనుప మొనలు బిగించుకోవచ్చు, డబ్బాలో ఇచ్చారు. నేను బిగించలేదు. సవారో వేళ్ళు చాలావరకు 4 నుంచి 6 అంగుళాల లోతులోనే ఉంటాయి, చెట్టు ఎంత ఎత్తో అంత దూరం పాకుతాయి. వందేళ్ళ చెట్టు వేళ్ళలో నేను మేకులు దింపడమెందుకు?

ఇప్పుడు చోయా, ఇంకో రకం కాక్టస్. రెండో రోజు సాయంత్రం. టెడ్డీ బేర్ చోయా అని దీనికి ముద్దు పేరు. దూరం నుంచి నిజంగానే బొచ్చు బొమ్మలా ఉంటుంది. ప్రతి ముల్లుకీ పల్చటి కాగితంలాంటి తొడుగుంటుంది. సూర్యుడు వెనక ఉంటే చెట్టు చెట్టంతా లోపల దీపం పెట్టినట్టు వెలుగుతుంది. ఎదురెండలో చోయా తీయకుండా ఎవరూ ఈ ఎడారి నుంచి తిరిగి రారు, నేనూ రాలేదు. ఇదిగో, నాలుగు ఫొటోలు. ఆ రెండోది గోడకి పెట్టించుకుంటున్నాను.

దీన్ని ఎగిరే కాక్టస్ అని కూడా అంటారు. ఎగరదు. కాకపోతే దాని కణుపులు ఎంత వదులుగా ఉంటాయంటే, తగిలిందో లేదో తెలిసేలోపే ఒక ముక్క ఊడి మనకి అంటుకుంటుంది. ముళ్ళకి కంటికి కనబడనంత చిన్న కొక్కేలు, అన్నీ వెనక్కి తిరిగి ఉంటాయి. దిగడం సులువు, రావడం నరకం. అలా ఊడిన ముక్క ఎక్కడ పడితే అక్కడ వేరు పట్టి మొక్కవుతుంది. అంటే దానికి ప్రయాణం కావాలి. నా ట్రైపాడ్ లిఫ్ట్ ఇచ్చింది.

"బావా, కదలకు! కాలికి పట్టుకుంది."

గుండె ఆగిపోయింది. "ఏ కాలికిరా?"

"నీది కాదు, ట్రైపాడ్‌ది."

ముల్లును ముల్లుతోనే తీయాలంటారు కదా, ఆ సామెత పెట్టినవాళ్ళు చోయాని చూసుండరు. దీన్ని దువ్వెనతో తీయాలి. పళ్ళు వెడల్పుగా ఉన్న దువ్వెన ముక్క కిందికి తోసి, ఒక్క విసురుతో ఎవరూ లేని వైపు ఎగరగొట్టాలి. ఆ పని చేశాను. ముక్క పోయింది. ముళ్ళ కొనలు మాత్రం విరిగి ఆ నల్లటి ఫోమ్‌లో ఉండిపోయాయి. నల్ల ఫోమ్, సన్నటి ముళ్ళు, సాయంత్రపు చీకటి. ఏం కనబడుతుంది?

మర్నాడు తెల్లవారుజామున ఐదింటికి, కళ్ళు సగం మూసుకుని, కారు డిక్కీలోంచి ట్రైపాడ్‌ని గట్టిగా పట్టుకుని లాగాను. పదకొండు చుక్కలు.

వట్టి కార్బన్ గొట్టం అయితే గుడ్డ పెట్టి ఒక్క తుడుపు తుడిస్తే సరిపోయేది. ఫోమ్ అంటే సూదులు గుచ్చుకునే దిండు! ప్రిక్లీ పియర్ సంగతి ఇంకా చెప్పలేదు, మన నాగజెముడు చుట్టమే. దాని పెద్ద ముళ్ళతో గొడవ లేదు, కనబడతాయి. ఆ ముళ్ళ మొదళ్ళ దగ్గర వెంట్రుకల్లాంటి నూగు ఉంటుంది చూశారా, ఫోమ్ దానికి రాసుకుందంటే ఆ నూగంతా ఫోమ్‌దే. టేప్ అంటించి పీకితే కొంత వచ్చింది, కొంత ఇంకా ఉంది. అందుకే ఇప్పుడు కూడా ఈ ఫోమ్‌ని రెండు వేళ్ళతో పట్టుకుని చూపిస్తున్నాను, గమనించారా?

అసలు ఫోమ్ ఎందుకు పెడతారు? నా పాత అల్యూమినియందానికి ఉందంటే అర్థముంది. ఆ లోహం ఎండలో కాలిపోతుంది, మంచులో చల్లబడి చేతికి పట్టుకుంటుంది. కార్బన్ ఫైబర్‌తో ఆ బాధ చాలా తక్కువ. మరి ఎందుకు? కంపెనీకి మెయిల్ పెట్టి అడిగాను. ప్రీమియం లుక్ కోసమట. ఫోమ్ తీసేసిన మోడల్ ఉందా అంటే లేదట. వీళ్ళ ప్రకటనల్లో ప్రతి ఫొటోలో ట్రైపాడ్ నిలబడేది ఎడారిలోనే మళ్ళీ!

మెలితిప్పే లాకుల్లోకి ఇసుక వెళ్ళి కరకరమంది. విప్పి తుడిస్తే పోయింది, దానికి కోపం లేదు. కెమెరాని ఎటు కావాలంటే అటు తిప్పే బాల్ హెడ్ బాగుంది. బ్యాగు చిన్నది.

కొనమంటారా అంటే, పార్కుల్లో, ఊళ్ళల్లో, బీచ్‌లో తీసేవాళ్ళు కొనుక్కోండి, హాయిగా ఉంటుంది. ముళ్ళలోకి వెళ్ళేవాళ్ళకి మాత్రం నేను చెప్పను. ఫొటోలు చూసి పదికి తొమ్మిది ఇద్దామనుకున్నాను. నా అరచెయ్యి నాలుగే ఇమ్మంటోంది. ఈరోజు దాని మాటే వింటాను.

నిన్న రాత్రి కత్తి తీసుకుని ఫోమ్ మొత్తం కోసేశాను, చూడండి, కాలు ఎంత సన్నగా, అందంగా ఉందో. శాంపిల్ వెనక్కి పంపక్కర్లేదన్నారు కదా, సరే, ట్రైపాడ్ నేనే ఉంచుకుంటాను. ఈ కోసిన ఫోమ్ ముక్కని మాత్రం గట్టి డబ్బాలో పెట్టి వాళ్ళకే పంపుతున్నాను. డబ్బా మీద "చేత్తో తీయకండి" అని రాసి, లోపల ఒక దువ్వెన కూడా పెట్టాను.