ఓటు లేని చోటికి వచ్చే నీళ్ళు

అందరికీ నమస్కారం. శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ఈ బే ఏరియాలో ఇల్లు వెతుక్కునేవాళ్ళు స్కూళ్ళ రేటింగు చూస్తారు, ట్రాఫిక్ చూస్తారు. మా ఆవిడ మాత్రం మిల్పీటస్‌లో ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు ఒక్కటే అడిగింది: "ఈ వీధి నీళ్ళతో కందిపప్పు ఉడుకుతుందా?" నవ్వకండి. ఆ ఊళ్ళో కొంత మేరకు హెచ్ హెచ్చీ నీళ్ళు, మిగతా మేరకు శాంటా క్లారా కౌంటీ నీటి సంస్థ వ్యాలీ వాటర్ వాళ్ళ నీళ్ళు. మొదటివి కొండల మీద మంచు కరిగిన నీళ్ళు. రెండోవి కాచిన గిన్నె అడుగున తెల్లగా పేరుకుంటుంది.

ఆ హెచ్ హెచ్చీ నీళ్ళు ఎక్కడివి? టువోలమీ కౌంటీలో, యోసెమిటీ పార్కు లోపలి డ్యామువి. అక్కడ డ్యాము కట్టుకోవడానికి 1913లో రేకర్ చట్టం శాన్ ఫ్రాన్సిస్కోకు అనుమతిచ్చింది. నీళ్ళు ఇటు చేరింది 1934 అక్టోబరులో. 167 మైళ్ళూ పంపుల్లేకుండా పల్లంమీదే వస్తాయి. పనంతా నడిపించిన ఇంజనీరు ఓషానెసీ ఆ నీళ్ళు రావడానికి కొద్ది రోజుల ముందే చనిపోయాడు.

అసలు సంగతికి వస్తాను. ఆ నీళ్ళలో సుమారు మూడింట రెండు వంతులు శాన్ ఫ్రాన్సిస్కో తాగదు, టోకున అమ్ముతుంది. అలమీడా, శాంటా క్లారా, శాన్ మటేయో కౌంటీల్లోని 26 సంస్థలు కొని, మనకు చిల్లరగా పోస్తాయి. కాలిఫోర్నియాలో ప్రైవేటు నీటి కంపెనీ రేటు పెంచాలంటే రాష్ట్ర కమిషన్ ముందు లెక్కలు పెట్టాలి. అమ్మేది నగరపాలక సంస్థ అయితే ఆ బాధ లేదు. దాన్ని ఓటర్లే అదుపులో పెడతారని నమ్మకం. ఆ నమ్మకం శాన్ ఫ్రాన్సిస్కో పొలిమేర దాకానే చెల్లుతుంది. నీటి వ్యవహారం చూసే అయిదుగురు కమిషనర్లను నియమించేది అక్కడి మేయరు. ఆ మేయరుకు ఓటేసే హక్కు ఫ్రీమాంట్‌లో ఉన్న మీకూ లేదు, నాకూ లేదు.

మన తెలుగుగంగ గుర్తొచ్చే ఉంటుంది. ఆంధ్ర, కర్ణాటక, మహారాష్ట్ర తలా 5 టీఎంసీల కృష్ణా నీళ్ళు వదులుకుంటే, దారిలో ఆవిరయ్యేది పోను 12 టీఎంసీలు చెన్నైకి ఇవ్వాలని ఒప్పందం. అక్కడ నీళ్ళు తగ్గితే ముఖ్యమంత్రికి ముఖ్యమంత్రి ఉత్తరం రాస్తాడు. ఇక్కడ మన తరఫున ఎవరు రాయాలి?

ఈ నీళ్ళు కొనే సంస్థలు మొదట ధర మీద కోర్టుకెక్కాయి. 1984లో పాతికేళ్ళకు రాజీ ఒప్పందం కుదిరింది, 2009లో మరో పాతికేళ్ళకు రాసుకున్నారు. దాని సారం ఏ ఉమ్మడి కుటుంబం లెక్కైనా చదివినవాళ్ళకు తెలిసిందే. శాన్ ఫ్రాన్సిస్కో వీధుల్లో వేసుకున్న పైపుల ఖర్చు మన మీద రుద్దకూడదు. అందరం వాడే పెద్ద లైను ఖర్చు వాడకాన్ని బట్టి పంచుకోవాలి. ఎక్కువ వసూలైతే తర్వాత సర్దాలి.

ధర సంగతి ఒప్పందం చూసుకుంది కానీ, పైపులు పగిలితే? దారిలో శాన్ ఆండ్రియాస్, హేవర్డ్, కాలవరస్ భూకంప రేఖలున్నాయి. మరమ్మతులు ఏళ్ళ తరబడి వాయిదా పడ్డాయి. చివరికి 2002లో రాష్ట్ర శాసనసభే కలగజేసుకుంది. ఒక చట్టం పనుల జాబితా, గడువులు రాసి రాష్ట్రానికి ఏటా నివేదిక ఇమ్మంది. ఇంకో చట్టం వల్ల మరుసటేడు కొనుగోలుదార్లందరికీ కలిపి బాస్కా అనే ఏజెన్సీ పుట్టింది. నా దృష్టిలో రెండోదే గట్టి పని. విడివిడిగా పోతే 26 గొంతులు, కలిసి పోతే ఆ అమ్మకానికి సింహభాగం గిరాకీ.

మొదటి చట్టం ఫలితం మన ఫ్రీమాంట్‌లోనే, మిషన్ బూలవార్డ్ దగ్గర భూమిలో ఉంది. పెద్ద పైపు హేవర్డ్ రేఖను దాటే చోట దాన్ని కాంక్రీటు గదిలో పెట్టారు. రెండు చోట్ల భుజం కీలులా అటూ ఇటూ తిరిగే కీళ్ళు, మధ్యలో పాతకాలపు దుర్భిణిలా ఒకదాంట్లోకి ఒకటి జారే గొట్టం. నేల అడుగుల లెక్కన పక్కకు జరిగినా పైపు తెగకుండా సాగుతుంది. పైన కార్లు పోతుంటాయి, ఎవరికీ తెలీదు.

ఇప్పటి ఒప్పందం 2034లో ముగుస్తుంది. రోజుకు 18.4 కోట్ల గ్యాలన్లు మనకు ఇస్తామన్న హామీ మాత్రం దానితో పోదు, అది శాశ్వతం. గడువు తీరేది ధర కట్టే పద్ధతికి. శాన్ హోసే, శాంటా క్లారా వాళ్ళకు మాత్రం ఆ హామీలో వాటా లేదు. ఆ నగరాలకిచ్చేది తాత్కాలిక సరఫరా, ఆపే హక్కు అమ్మేవాళ్ళది. ఇందాక టీ దగ్గర ఒకాయన "మరి మా బిల్లులో ఇది ఎక్కడ రాసుంటుంది?" అని అడిగారు. ఎక్కడా రాసుండదండీ. బాస్కా బోర్డులో మీ ఊరి తరఫున ఒకరు కూర్చుంటారు. ఆయన్ని అడగాలి.