ఈ అడ్వకేట్‌కి నల్లకోటు ఉండదు

అందరికీ నమస్కారమండీ. పిల్లలున్న ఇంటికి చేతులూపుకుంటూ వెళ్లకూడదని మా అమ్మమ్మ అనేది. బిస్కెట్ ప్యాకెట్టైనా ఉండాలి. ఇక్కడ అమెరికాలో, కోర్టు కేసుల్లో ఉన్న పిల్లల తరఫున నేను చేసే వాలంటీర్ పనికి ఆ మాటే పెద్ద అడ్డం. పిల్లకి డబ్బివ్వకూడదు, ఖరీదైన కానుకలివ్వకూడదు, మనింటికి తీసుకొచ్చి ఇంత పప్పన్నం కూడా పెట్టకూడదు. ట్రైనింగ్‌లో ఇది విని, మరి నేనెందుకు అనుకున్నాను.

ఎందుకో చెప్తాను. కన్నవాళ్ల దగ్గర హింసో, నిర్లక్ష్యమో జరిగిందని పిల్లల్ని ఫోస్టర్ కేర్‌లో, అంటే తాత్కాలికంగా వేరేవాళ్ల సంరక్షణలో పెడితే, వాళ్లెక్కడుండాలో కోర్టు తేల్చాలి. 1977లో సియాటిల్‌లో డేవిడ్ సూకప్ అనే జడ్జికి, పిల్లల గురించి పూర్తిగా తెలియకుండానే తీర్పులిస్తున్నానన్న బెంగ పట్టుకుంది. మామూలు జనాన్నే సాయం అడిగాడు. అలా పుట్టిందే కాసా, అంటే కోర్ట్ అపాయింటెడ్ స్పెషల్ అడ్వకేట్. లా చదవక్కర్లేదు. సాధారణంగా 21 ఏళ్లు నిండాలి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అవ్వాలి, కనీసం 30 గంటల ట్రైనింగ్ పూర్తిచేయాలి.

పిల్లల కేసులు చూసే ప్రభుత్వ ఉద్యోగి, కేస్‌వర్కర్ చేతిలో బోలెడు కేసులు, మధ్యలో మనిషి మారిపోవచ్చు కూడా. మనకి ఒకటో రెండో. పిల్లని, టీచర్‌ని, ఫోస్టర్ పేరెంట్స్‌ని, కన్నవాళ్లని కలిసి జడ్జికి రిపోర్టు రాయాలి. నా కేసు గురించి మాత్రం అడక్కండి, ఒక్క ముక్క చెప్పకూడదు.

ట్రైనింగ్‌లో ఇచ్చిన ఉత్తుత్తి కేసు సంగతి చెప్పొచ్చు. ‘ఇల్లు శుభ్రంగా లేదు’ అని రాశాను. సూపర్‌వైజర్ కొట్టేసింది. అది నీ అభిప్రాయం, ఏం చూశావో రాయమంది. సింక్‌లో గిన్నెలున్నాయి, ఫ్రిజ్‌లో పాలు, గుడ్లు ఉన్నాయి, పిల్ల పక్కమీద ఉతికిన దుప్పటి ఉంది. అలా రాసేసరికి అదే ఇల్లు ఇంకోలా కనబడింది. ‘అయ్యో పాపం’ అనడం మనకి బాగా వచ్చు. ఇలా చూడటం మాత్రం నేర్చుకోవాల్సొచ్చింది.

ఇంకో చిక్కుంది. అమ్మ దగ్గరికి వెళ్తానంటుంది పిల్ల. ఇప్పుడే వద్దనిపిస్తుంది మనకి. మన సిఫార్సు మనం రాస్తాం, కానీ పిల్ల అన్నమాట కూడా దాచకుండా జడ్జికి చెప్పాలి. ‘అలాంటి తల్లి దగ్గరికి మళ్లీ ఎలా పంపుతారు’ అని మనవాళ్లు అడుగుతుంటారు. చాలా కేసుల్లో మొదటి లక్ష్యం తిరిగి ఇల్లు చేర్చడమేనండీ. గడువూ ఉంది. 1997 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం, గడిచిన 22 నెలల్లో 15 నెలలు ఫోస్టర్ కేర్‌లోనే గడిస్తే, కొన్ని మినహాయింపులు పోను, తల్లిదండ్రుల హక్కులు రద్దు చేయమని రాష్ట్రమే పిటిషన్ వేయాలి.

మీ ఊళ్లో అప్లై చేసేముందు క్యాలెండర్ చూసుకోండి. కేసు ముగిసేదాకా ఉండగలరా? ఈ ఏడు చెల్లి పెళ్లికని మూడు నెలలు ఇండియా వెళ్లే పనుంటే, ముందు ఆ పెళ్లి చూసుకొచ్చేయండి.