పరుగెత్తిన అమ్మాయి: లాటీ డాడ్ ఆట, జీవితం

సభలోని పెద్దలకు, తోటి క్రీడాభిమానులకు, కోర్టు నుంచి ర్యాకెట్లతోనే నేరుగా వచ్చి ముందు వరుసలో కూర్చున్న అమ్మాయిలకు నమస్కారం.

ఈ సాయంత్రం నేను షార్లెట్ డాడ్ గురించి మాట్లాడబోతున్నాను. ఇంట్లోవాళ్లు ఆమెను లాటీ అని పిలిచారు, చరిత్రలోనూ ఆ పేరే నిలిచింది. 1887లో, 15 ఏళ్ల 285 రోజుల వయసులో, ఆమె వింబుల్డన్ మహిళల సింగిల్స్ గెలిచింది. అంతకన్నా చిన్న వయసులో ఆ టైటిల్‌ను ఇప్పటికీ ఎవరూ గెలవలేదు. 1985లో పురుషుల టైటిల్ గెలిచి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచిన బోరిస్ బెకర్‌కు అప్పటికి పదిహేడేళ్లు నిండాయి. 1996లో మార్టినా హింగిస్ డబుల్స్ గెలిచినప్పుడు ఆమె వయసు 15 ఏళ్ల 282 రోజులు, అంటే లాటీ కన్నా మూడు రోజులు తక్కువ. కానీ అది డబుల్స్. ఆ హింగిస్‌తోనే జతకట్టి 2015లో మన హైదరాబాదు అమ్మాయి సానియా మీర్జా వింబుల్డన్ డబుల్స్ గెలిచిన సంగతి మీకందరికీ తెలుసు.

లాటీ పేరు ఎత్తగానే అందరూ ఈ వయసు లెక్క దగ్గరే ఆగిపోతారు. నాకు మాత్రం ఆ లెక్క కన్నా దాని వెనుక ఉన్న ఒక చిన్న కారణం చాలా విలువైనదిగా కనిపిస్తుంది. ఆమె ఆనాటి ఆడవాళ్లందరికన్నా బాగా పరుగెత్తింది. పరుగెత్తగలిగే వీలు ఆమెకు ఉంది కాబట్టి పరుగెత్తింది. అది మీకు వివరించాలంటే ముందు ఆ ఇంటి సంగతి చెప్పాలి.

లాటీ 1871 సెప్టెంబరు 24న ఇంగ్లండులోని చెషైర్ ప్రాంతంలో, బెబింగ్టన్ అనే ఊళ్లో పుట్టింది. మెర్సీ నదికి అవతలి గట్టున లివర్‌పూల్ రేవు ఉంటుంది. తండ్రి జోసెఫ్ డాడ్ అక్కడ పత్తి వ్యాపారంలో బాగా గడించాడు. ఆ రోజుల్లో అమెరికా పత్తితో పాటు మన దేశపు రైతులు పండించిన పత్తి కూడా ఆ రేవులోనే దిగేది. ఆ సంపాదన పుణ్యమా అని నలుగురు పిల్లల్లో ఎవరికీ జీవితంలో ఉద్యోగం చేయవలసిన అవసరం రాలేదు. ఇంటి ఆవరణలోనే రెండు టెన్నిస్ కోర్టులు ఉండేవి. మేజర్ వింగ్‌ఫీల్డ్ అనే సైనికాధికారి లాన్ టెన్నిస్ సామగ్రిని పెట్టెలో సర్ది అమ్మడం మొదలుపెట్టింది 1874లో కనుక, ఆ ఆటకూ ఈ అమ్మాయికీ దాదాపు ఒకే ఈడు. అక్క ఆనీ, అన్నలు విలియం, టోనీ అందరూ ఆటగాళ్లే. అన్నలతో, వాళ్ల స్నేహితులతో ఆడి ఆడి, మగపిల్లలు కొట్టే బంతిని తిరిగి కొట్టడం లాటీకి చిన్ననాడే అలవాటైంది. ఆమె ప్రతిభను తక్కువ చేయాలని ఈ సంపద గురించి చెప్పడం లేదు. తీరికా, కోర్టూ, తోడుగా ఆడేవాళ్లూ ఉన్న ఇంట్లోనే ఆనాడు అలాంటి అమ్మాయి తయారు కాగలిగిందన్నది నిజం, ఆ నిజాన్ని దాచకూడదు.

పదకొండేళ్ల వయసులో, 1883లో, మాంచెస్టర్‌లో జరిగిన పోటీలో అక్కతో కలిసి తొలిసారి డబుల్స్ బరిలోకి దిగింది. 1885లో అక్కడే ఫైనల్‌లో వింబుల్డన్ విజేత మాడ్ వాట్సన్‌తో తలపడి 8-6, 7-5 తేడాతో ఓడిపోయింది. అప్పటికి లాటీకి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. మరుసటి ఏడాది బాత్ పట్టణంలో అదే వాట్సన్‌ను 7-5, 6-4తో ఓడించింది. వాట్సన్ అంతకుముందు వరుసగా 55 మ్యాచ్‌లు గెలిచి ఉంది.

ఇక దుస్తుల విషయానికి వస్తాను. ఆనాటి ఆడవాళ్లు నేలను రాసే బరువైన స్కర్టులతో, నడుము బిగించి కట్టిన కార్సెట్‌తో, మేజోళ్లతో, తలపై టోపీతో కోర్టులోకి వచ్చేవారు. ఆ వేషంలో ఊపిరి నిండా పీల్చడమే కష్టం. ఒక మూల నుంచి మరో మూలకు పరుగెత్తడం గురించి ఆలోచించనే అక్కర్లేదు. అందుకే కోర్టు వెనుక అంచున ఉండే బేస్‌లైన్ గీత దగ్గర నిలబడి, అందిన బంతిని నెమ్మదిగా అవతలికి పంపడమే ఆడవాళ్ల టెన్నిస్‌గా చెలామణీ అయింది. లాటీ మాత్రం ఇంకా బడికి వెళ్లే పిల్ల. పిల్లలు పిక్కల దాకా ఉండే గౌను తొడుక్కుంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఆ జానెడు పొడవు తగ్గడం వల్ల ఆమె కాళ్లకు స్వేచ్ఛ దొరికింది. ఆమె నెట్ దగ్గరికి దూసుకొచ్చి బంతి నేలను తాకకముందే వాలీ కొట్టేది, పైకి లేచిన బంతిని స్మాష్ చేసేది. మహిళల ఆటలో ఆ రెండూ అప్పటికి అరుదు. సర్వీసు మాత్రం జీవితాంతం కింది నుంచే చేసింది.

మన ఇళ్లలో ఇలాంటిదే చాలాకాలం జరిగింది. అమ్మాయి గౌను విడిచి లంగా ఓణీ కట్టిన రోజుతో వీధిలో ఆట ముగిసేది. తొక్కుడు బిళ్ల ఆడే కాళ్లు ఆ తర్వాత గడప దాటేవి కావు. చాలా ఏళ్లుగా పిల్లలకు టెన్నిస్ నేర్పుతున్న నేను, చేతిలో మంచి ఆట ఉన్న అమ్మాయిలు పన్నెండో ఏటో పదమూడో ఏటో చెప్పకుండానే కోర్టుకు రావడం మానేయడం కళ్లారా చూశాను. వాళ్ల ఖాళీ స్థలం చూసిన ప్రతిసారీ నాకు బాధ కలిగేది. సానియా వంటి క్రీడాకారిణి కూడా 2005 నాటికి ఆట కన్నా తన స్కర్టు గురించే ఎక్కువ ప్రశ్నలు ఎదుర్కోవలసి వచ్చింది.

1887 వింబుల్డన్‌కు మహిళల విభాగంలో వచ్చిన వాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అప్పటి పద్ధతి ప్రకారం, ముందటి ఏటి విజేత నేరుగా చివరి మ్యాచ్‌లో, మిగతావాళ్లందరిలో గెలిచి వచ్చిన సవాలుదారును ఎదుర్కొనేది. ఆ విజేత బ్లాంచ్ బింగ్లీ. ఆమెను లాటీ 6-2, 6-0తో ఓడించింది.

బ్లాంచ్ గురించి రెండు మాటలు చెప్పకుండా ముందుకు వెళ్లడం న్యాయం కాదు. పెళ్లి తర్వాత ఆమె బ్లాంచ్ హిల్‌యార్డ్ అయింది. ఆరుసార్లు వింబుల్డన్ గెలిచింది, ఏడుసార్లు ఫైనల్‌లో ఓడింది. ఆ ఏడింటిలో ఐదు ఓటములు లాటీ చేతిలోనే. 1888లో 6-3, 6-3. 1891లో 6-2, 6-1. 1892లో 6-1, 6-1. అయినా ఆమె ప్రతిసారీ తిరిగి వచ్చింది. 1893 ఫైనల్‌లో తొలి సెట్‌ను 8-6తో గెలుచుకుంది కూడా. లాటీ తర్వాతి రెండు సెట్లను 6-1, 6-4తో సాధించి ఐదో టైటిల్ అందుకుంది. నా మట్టుకు నాకు ఆ ఐదు ఫైనళ్లలో ఇదే గొప్పది, ఎందుకంటే అప్పటికి బ్లాంచ్‌కు ముప్పై ఏళ్లు దగ్గరపడుతున్నాయి, అవతల నిలబడిన అమ్మాయి చేతిలో నాలుగుసార్లు చిత్తుగా ఓడిన జ్ఞాపకం ఉంది, అయినా ఆమె మొదటి సెట్ లాక్కుంది. లాటీ గొప్పతనాన్ని కొలవాలంటే బ్లాంచ్ పట్టుదలే సరైన కొలబద్ద.

మధ్యలో 1889, 1890 సంవత్సరాలు ఖాళీగా కనిపిస్తాయి. 1889లో ఆమె స్కాట్లండ్ తీరంలో పడవ ప్రయాణం చేస్తూ వింబుల్డన్‌కు రాలేదు. 1890లో టెన్నిస్ పోటీలకే దూరంగా ఉంది. ఇప్పటి ఆటగాళ్లకు ఇది నమ్మశక్యం కాని విషయం. బహుమతి సొమ్ము, ర్యాంకులు, ప్రకటనలు లేని ఆ కాలంలో ఆమెకు ఆడాలనిపించడమొక్కటే ఆడటానికి కారణం.

పోటీలకు దూరంగా ఉన్న ఆ 1890లోనే, బ్యాడ్మింటన్ లైబ్రరీ అనే క్రీడా గ్రంథమాలలో మహిళల టెన్నిస్ గురించి ఆమె రాసిన అధ్యాయం వెలువడింది. ఆడవాళ్లు పరుగెత్తడం నేర్చుకోవాలని, ఊరికే అడుగులు సాగదీస్తే చాలదని, శక్తి కొద్దీ పరుగెత్తాలని ఆమె అందులో రాసింది; అలా ప్రయత్నిస్తే అందవనుకున్న ఎన్నో బంతులు సులువుగానే అందుతాయని చెప్పింది. పంతొమ్మిదేళ్లు నిండకముందే ఇంత స్పష్టంగా రాసిన అమ్మాయిని వట్టి బాలమేధావి అని సరిపెట్టడం నాకు ఇష్టం లేదు. తనకు వయసు రీత్యా దొరికిన సడలింపు మిగతా స్త్రీలకు హక్కుగా దక్కాలన్న ఆలోచన ఆ వాక్యాల్లో నాకు వినిపిస్తుంది. 1888లో ఎక్స్‌మౌత్‌లో ఆనాటి వింబుల్డన్ పురుషుల విజేత ఎర్నెస్ట్ రెన్షాతో ఆమె ప్రదర్శన మ్యాచ్ ఆడింది. ప్రతి గేమ్‌లోనూ ఆమెకు ముందే 30-0 ఆధిక్యం, అంటే రెండు పాయింట్లు, ఇచ్చారు. ఆమె ఓడిపోయింది గానీ మూడు సెట్ల దాకా అతణ్ణి వదల్లేదు.

1893 ఫైనల్ తర్వాత, ఇరవై ఒక్క ఏళ్లకే, ఆమె వింబుల్డన్ సింగిల్స్‌కు స్వస్తి చెప్పింది. సింగిల్స్‌లో ఆమె మొత్తం ఓడింది ఐదు మ్యాచ్‌లే. గాయమూ లేదు, ఓటమీ లేదు. నేర్చుకోవలసినది మరోచోట ఉందని ఆమెకు తోచింది. స్విట్జర్లాండ్‌లోని సెయింట్ మోరిట్జ్‌లో మంచుపై స్కేటింగ్ నేర్చుకుని ముందు మహిళల పరీక్షలో, తర్వాత పురుషుల పరీక్షలో కూడా నెగ్గింది. హాకీలో ఇంగ్లండు జట్టుకు ఆడి, 1900లో ఐర్లండ్‌పై 2-1తో గెలిచిన మ్యాచ్‌లో రెండు గోల్స్ తానే కొట్టింది. గోల్ఫ్ ఆమెను చాలా ఏళ్లు సతాయించింది. సెమీఫైనల్ దగ్గర రెండుసార్లు ఆగిపోయాక, 1904లో స్కాట్లండ్‌లోని ట్రూన్ మైదానంలో, అంతకుముందు టైటిల్ గెలిచి ఉన్న మే హెజ్లెట్‌ను ఒక్క హోల్ తేడాతో ఓడించి బ్రిటిష్ మహిళల చాంపియన్ అయింది.

1908 లండన్ ఒలింపిక్స్‌లో విలువిద్య పోటీకి దిగింది. తొలి రోజు ముగిసేసరికి ఆమెదే ఆధిక్యం. రెండో రోజు క్వీనీ న్యూవాల్ దాటిపోయింది. న్యూవాల్‌కు 688 పాయింట్లు, లాటీకి 642. న్యూవాల్‌కు అప్పటికి యాభై మూడేళ్లని చెబితే మన ఇళ్లలోని పెద్దవాళ్లకు సంతోషం కలుగుతుంది. అదే పోటీల్లో పురుషుల స్వర్ణం లాటీ అన్న విలియంకు దక్కింది. బెబింగ్టన్ తోటలో ఆడుకున్న అన్నాచెల్లెళ్లు ఒకే ఒలింపిక్స్‌లో పతకాలు అందుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆమె రెడ్ క్రాస్‌లో చేరి గాయపడిన సైనికులకు సేవ చేసింది.

పెళ్లి చేసుకోలేదు. వృద్ధాప్యంలోనూ వింబుల్డన్ చూడటానికి వెళ్తూ ఉండేది. 1960 జూన్ 27న, ఎనభై ఎనిమిదేళ్ల వయసులో, హాంప్‌షైర్‌లోని స్వే అనే ఊళ్లో ఒక నర్సింగ్ హోమ్‌లో, మంచం మీద పడుకుని రేడియోలో వింబుల్డన్ వ్యాఖ్యానం వింటూ ఆమె కన్నుమూసింది. మద్రాసు నుంచి వెళ్లిన మన రామనాథన్ కృష్ణన్ సెమీఫైనల్ దాకా వెళ్లింది ఆ ఏటి వింబుల్డన్‌లోనే. ఆమె విన్న ఆ చివరి వ్యాఖ్యానాల్లో కృష్ణన్ పేరు కూడా వినిపించే ఉంటుందని నేను అనుకుంటూ ఉంటాను.