సంతకపు బొమ్మలో తెలుగు పేరు

అందరికీ నమస్కారం. ఈ-మెయిల్ చివర, మనం తీసిన ఫొటో మూల, గీసిన బొమ్మ కింద పేరుతో పెట్టుకునే చిన్న సంతకపు బొమ్మలో తెలుగు అక్షరాలను ఎలా కూర్చుకోవాలో ఈ రోజు చూద్దాం. సమాచార సాంకేతిక చట్టం, 2000 ప్రకారం టెండర్లకూ పన్ను రిటర్నులకూ వాడే డిజిటల్ సంతకం వేరు. దానితో మనకిక్కడ పని లేదు.

తెర మీద ఉన్న పెట్టె వెడల్పు 400 పిక్సెళ్లు, ఎత్తు 120. ఇంగ్లీషు పెద్దక్షరాలు ఒకే గీత మీద బుద్ధిగా నిలబడతాయి కాబట్టి వాటితో రాసిన పేరు ఇందులో హాయిగా ఇముడుతుంది. తెలుగులోనైతే పైన తలకట్టో గుడో, నడుమ అక్షరం, దాని కింద ఒత్తు, ఆ ఒత్తు కింద ఒక్కోసారి మరో ఒత్తు ఉంటాయి. ‘రమ’ అని రాస్తే పైనా కిందా చోటు మిగిలిన ఇదే పెట్టెలో, అదే సైజులో ‘లక్ష్మి’ అని రాయగానే మ ఒత్తు కింది అంచును తాకుతోంది, చూడండి.

అందుకే ఫాంటు కన్నా ముందు మాటను ఎంచుకోవాలని నేనంటాను. పేరు కింద పద్యపాదం మొత్తం పెట్టాలని చాలామందికి మోజు ఉంటుంది గానీ, 12 పిక్సెళ్ల ఎత్తులో దాన్ని చదివే ఓపిక ఎవరికీ ఉండదు. ‘బొమ్మలు: రమ’ అంటే చాలు.

ఇక ఫాంటు. అమెరికాలోని తెలుగు సంస్థ సిలికానాంధ్ర చొరవతో వచ్చిన మండలి, రామభద్ర, ధూర్జటి, పెద్దన, గిడుగు వంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. చిన్న సైజుకు నా ఓటు మండలికే. రామభద్ర పెద్ద శీర్షికల్లో దర్జాగా ఉంటుంది గానీ, బాగా చిన్నదైతే ఆ లావు గీతల మధ్య ఖాళీలు పూడుకుపోయి, ధ కింది గీత కలిసిపోయి, ‘మధు’ కాస్తా ‘మదు’ అవుతాడు. డీటీపీ కేంద్రాల్లో అలవాటైన పాత ‘అను’ ఫాంట్ల అందాన్ని నేను కాదనను. కానీ అవి యూనికోడ్, అంటే ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ అక్షరాలకు ఒకే సంకేతాలు వాడే పద్ధతి, పాటించవు కనుక, ఫోన్‌లో టైపు చేసిన పేరును వాటిలో అతికిస్తే అది పేరుగా కనబడదు.

ఫొటోషాప్‌లో ‘స్త్రీ’ అని రాస్తే ఒత్తులు విడిపోయి కనిపించడం చాలామందికి ఎదురయ్యే చిక్కు. తప్పు ఫాంటుది కాదు. మీ వెర్షన్‌ను బట్టి ప్రిఫరెన్సెస్‌లోని టైప్ విభాగంలో దక్షిణాసియా లిపుల ఎంపికనో, పేరాగ్రాఫ్ ప్యానెల్‌లో వరల్డ్ రెడీ లేఅవుట్‌నో ఎంచుకుంటే అక్షరాలు కుదురుకుంటాయి. ఉచితంగా దొరికే బొమ్మల సాఫ్ట్‌వేర్ గింప్‌లో ఈ బెడద లేదు. ‘రాజ్‌కుమార్’ అని రాయబోతే ‘రాజ్కుమార్’ అని క ఒత్తు పడుతుంటే, జ్ తరువాత జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కంటికి కనబడని గుర్తును చేర్చాలి.

అలంకారాల దగ్గరే అసలు పొరపాట్లు జరుగుతాయి. ఇంగ్లీషు పాఠాల్లో చెప్పినట్టు అక్షరాల మధ్య ఎడం బాగా పెంచితే, కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఒత్తు తన అక్షరాన్ని వదిలి పక్కకు జరుగుతుంది. అలా జరగకపోయినా, పేరు ముక్కలైనట్టు కనిపిస్తుంది. చుట్టూ మందపాటి అంచు గీస్తే తలకట్టుకూ అక్షరానికీ మధ్యనున్న సన్నని సందు మూసుకుపోతుంది కాబట్టి, ఒక్క పిక్సెల్ దాటవద్దు. మనకు పెద్దక్షరాలు లేవు, కృత్రిమంగా వాల్చిన అక్షరం నా కంటికి జారిపడుతున్నట్టే ఉంటుంది. ప్రాముఖ్యం చూపాలంటే సైజు, రంగు మాత్రమే మిగులుతాయి. రంగు విషయంలో వెబ్ ప్రమాణాలు మామూలు అక్షరాలకు 4.5కు 1, పెద్ద అక్షరాలకు 3కు 1 నిష్పత్తిలో అక్షరానికీ దాని వెనుక రంగుకూ మధ్య వెలుగు తేడా కనీసం ఉండాలంటాయి. వెనుక ఫొటో గజిబిజిగా ఉంటే, నీడలు చేర్చే బదులు అక్షరాల వెనుక ఒక ముదురు పట్టీ వేయండి.

చివరగా మన పెట్టెకు రెట్టింపుగా 800, 240 పిక్సెళ్ల కొలతల్లో తయారుచేసి, అంచులు మసకబారకుండా జేపెగ్‌లో కాక పీఎన్‌జీలో భద్రపరచండి. దాన్ని ఫోన్‌లో తెరిచి, మీ పేరు తెలియని వారి చేత చదివించండి; వారు ‘మదు’ అని చదివితే ముందు ఆ అంచు గీతను తీసేసి చూడండి.