పైవాల్వు ముందు, కిందివాల్వు తర్వాత

అందరికీ నమస్కారం. ఇంధన నిల్వ కేంద్రంలో గ్యాస్ లీక్ అనగానే ట్యాంకు పగిలిపోవడమే కళ్ల ముందు మెదులుతుంది. నన్నడిగితే ట్యాంకు కన్నా దాని అడుగునున్న చిన్న డ్రెయిన్ వాల్వుకే ఎక్కువ భయపడాలి. ట్యాంకు గోడ జోలికి రోజూ ఎవరూ పోరు. వాల్వును మాత్రం తిప్పుతూనే ఉంటారు.

1966 జనవరి 4, ఫ్రాన్స్‌లోని ఫేజాన్ రిఫైనరీ. తెల్లవారకముందే ద్రవ ప్రొపేన్ గ్యాస్ నింపిన గోళాకార ట్యాంకు అడుగున చేరిన నీళ్లు వదులుతున్నారు. గొట్టానికి ఒకదాని కింద ఒకటి రెండు వాల్వులు. పైదాన్ని ముందు పూర్తిగా తెరిచి, కిందిదానితో ధారను అదుపు చేయాలి. ఆ రోజు వరస తారుమారైంది. ధార ఆగినట్టు కనిపించేసరికి పైవాల్వును పూర్తిగా తిప్పారు. అడ్డు తొలగి ప్రొపేన్ ఒక్కసారిగా దూసుకొచ్చింది. ఇక ఆ వాల్వును మూయడం ఎవరి వల్లా కాలేదు. ఆవిరి మేఘం రోడ్డు మీదికి పాకి ఒక కారు దగ్గర అంటుకుంది. 18 మంది ప్రాణాలు పోయాయి.

వరసకు అంత పట్టింపు దేనికంటారా? మామూలు వాతావరణ పీడనంలో ద్రవ ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. ఇరుకు సందులోంచి వస్తూ ఆవిరవుతుంటే చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుంది. తడి తగిలితే అక్కడే గడ్డకడుతుంది. ఆ ఇరుకు కిందివాల్వు దగ్గరుంటే బిగుసుకునేది అదొక్కటే, మూయడానికి పైది మిగులుతుంది. పైదానితో అదుపు చేయబోతే ఆ దారీ పోతుంది. రెండు వాల్వుల మధ్య ఎడం ఉంచేదీ ఇందుకే. వీటికి తోడు, మంటకు దూరంగా నిలబడి మూయగల వాల్వు ఒకటి ఉండి తీరాలి. అది ఖర్చు దండగ అనేవాళ్లతో నేను వాదించను, ఫేజాన్ గురించి చదవమంటాను.

గ్యాస్ లీకును పసిగట్టే డిటెక్టర్ల గురించి ఒక్క ముక్క. ప్రొపేన్ ఆవిరి గాలి కన్నా ఒకటిన్నర రెట్లు బరువు. నేలబారుగా కాలువల్లోకీ గుంతల్లోకీ జారుతుంది. గాలిలో 2 శాతం దాటితే నిప్పు తగలడమే తరువాయి. అలాంటిదాన్ని పట్టే డిటెక్టర్‌ను తలెత్తున బిగిస్తే ఏం లాభం?

ఇక బన్స్‌ఫీల్డ్ ఇంధన నిల్వ కేంద్రం, ఇంగ్లండ్, 2005 డిసెంబర్ 11. పెట్రోలు ట్యాంకు నిండుతోంది. తెల్లవారుజామున 3 గంటల ప్రాంతంలో ట్యాంకులో మట్టం చూపే గేజి రీడింగ్ ఉన్నచోటే ఆగిపోయింది, పెట్రోలు మాత్రం వస్తూనే ఉంది. పొర్లకముందే ఆపాల్సిన స్విచ్ కూడా పలకలేదు. దాని పరీక్ష మీటను సరైన చోట నిలిపి ఉంచే తాళంకప్ప వేయలేదు, దాంతో స్విచ్ పనిచేయని స్థితిలో ఉండిపోయింది. పొర్లిన పెట్రోలు ఆవిరి మేఘమై, 6 దాటగానే పేలింది.

సరుకు లోపలికి వస్తుండగా గేజి కదలకపోతే, అదే అలారం అనుకోండి. ఇంకొకటి: స్విచ్‌ను పరీక్షించాక తిరిగి పనిచేసే స్థితిలో పెట్టారా లేదా అన్నది పరీక్షించిన మనిషి కాక రెండో మనిషి వచ్చి చూడాలి, సంతకం పెట్టాలి. మీ రిజిస్టర్‌లో ఆ కాలమ్ లేకపోతే రేపటి షిఫ్టు లోపు గీయించండి.